చప్పుడు లేని వత్తి

సీసా మూత తీసి వాసన చూశాను. నెయ్యి వాసన ఉంది, వెనకాల ఏదో మందు వాసన కూడా ఉంది. సరుగుడు పొగ వాసన మాత్రం లేదు. ఉండదని తెలుసు. అయినా నా ముక్కు దాన్నే వెతికింది.

ఆ సీసా మా అత్తయ్య ఆన్‌లైన్‌లో తెప్పించింది. అట్ట మీద కళ్ళజోడు పెట్టుకున్న పిల్లవాడు నవ్వుతున్నాడు, వాడి తల చుట్టూ వెలుగు. పిల్లల జ్ఞాపకశక్తికి బ్రాహ్మీ నెయ్యి అని పెద్ద అక్షరాలు. బడిలో తల్లిదండ్రుల మీటింగ్‌కు వెళ్ళి వచ్చినప్పటి నుంచి నా ముఖం చూసి ఆవిడకు జాలేసి ఉంటుంది. మా వాడు ఒకటో తరగతి. వాళ్ళ మేడమ్ మంచి మనిషే, నొప్పించకుండానే చెప్పింది. "బాబుకి అన్నీ వచ్చండీ, కాకపోతే కొంచెం స్లో. మిగతా పిల్లలు టకటకా చెప్పేస్తారు, వీడు ఆగి ఆగి చెప్తాడు. మధ్యలో మర్చిపోతున్నాడేమో అనిపిస్తుంది."

ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చాను. ఆటో పెన్నా వంతెన మీద పోతుంటే వాడు నా ఒళ్ళో కూర్చుని నీళ్ళు చూస్తున్నాడు, నేను వాడి నడినెత్తి చూస్తున్నాను. ఆ తర్వాత ఫోన్‌లో నేను చదవనిది లేదు. ఏ వయసుకు ఎన్ని మాటలు రావాలి, ఏ వయసుకు ఏం గుర్తుండాలి, గుర్తుండకపోతే దాని పేరేమిటి. చదివిన కొద్దీ భయం పెరిగిందే గానీ తగ్గలేదు.

సీసా వాసన చూసిన రోజున ఆ భయం మధ్యలోంచి మా అవ్వ వచ్చి కూర్చుంది. వాడు నిద్రపోయాక ఈ పూట నేను రాస్తున్నది ఆమె గురించే.

నా చిన్నప్పుడు నన్నూ ఇదే మాట అన్నారు, ఇంగ్లీషులో కాదు గానీ. మా ఊళ్ళో అలాంటి పిల్లల్ని మబ్బు అనేవాళ్ళు. "ఆ మబ్బుదాన్ని పిలవండే" అంటే నేనే. అందులో తిట్టు లేదు, అది నాకు ఇంకో పేరు, అంతే.

మా ఊరు బోగోలు దాటి సముద్రం వైపు వెళితే వస్తుంది. మా ఇంటి దగ్గర నిలబడితే సముద్రం కనిపించదు, వినిపిస్తుంది. ముందు సరుగుడు తోపులు, వాటి అవతల ఇసుక, ఇసుక మీద జాలర్ల పాలెం. ఇటు పక్క కాలవ, వరి మళ్ళు, మా చర్చి. ఒకే ఆవరణలో రెండు ఇళ్ళు మావి. ఒకదాంట్లో నేను, అమ్మా నాన్నా, అవ్వ. రెండోదాంట్లో పెదనాన్న వాళ్ళు. పెదనాన్న కూతురు నాకంటే కొంచెం పెద్దది, నేను అక్కా అని పిలిచేదాన్ని. మా అక్క ఆ చుట్టుపక్కల సండేస్కూళ్ళన్నిటికీ పేరు మోసిన పిల్ల. కంఠత వాక్యాల పోటీ ఎక్కడ పెట్టినా ప్లేటో గ్లాసో గెలుచుకుని వచ్చేది. ఊపిరి తీసుకోకుండా చెప్పేది. ఆమె చెబుతుంటే వినేవాళ్ళు కూడా ఊపిరి బిగబట్టేవాళ్ళు.

ఒక సంవత్సరం నన్నూ స్టేజీ ఎక్కించారు. సగం దాకా చెప్పి ఆగాను. మర్చిపోలేదు. ఆ మాట వస్తోంది, దారిలో ఉంది. అది వచ్చేలోపల ముందు వరసలో ఎవరో నవ్వారు, టీచరు చప్పట్లు కొట్టించి నన్ను దించేసింది. మా అమ్మ తలెత్తలేదు. ఇంటికొచ్చాక "ఈసారి నెయ్యి కొంచెం ఎక్కువ పెట్టత్తా దీనికి" అని అవ్వతో అంది.

నెయ్యి అంటే సరస్వతాకు నెయ్యి, సీసా అట్ట మీద బ్రాహ్మీ అని రాసింది ఆ ఆకునే. వానలు వెనకబట్టాక కాలవ గట్టు మీద ఆ ఆకు చాప పరిచినట్టు వచ్చేది. నేల మీద పాకే తీగ, రూపాయి బిళ్ళంత గుండ్రటి ఆకులు. అవ్వ అప్పుడు పని మొదలుపెట్టేది. ఆకు కడిగి, రోట్లో దంచి, పాత పంచె గుడ్డలో వేసి పిండితే కళ్ళు చల్లబడేంత పచ్చటి రసం దిగేది. వస కొమ్ము, పిప్పళ్ళు నూరి ముద్ద చేసేది. మట్టి చట్టిలో ఆవునెయ్యి కరిగించి, అందులో ముద్ద వేసి, రసం పోసి, సన్నటి మంట మీద కాచేది. అన్నీ సరుగుడు పుల్లలే. ఆ పొగలో కొంచెం ఉప్పు ఉంటుందని నాకు ఇప్పటికీ నమ్మకం.

పరీక్షల ముందు ఊళ్ళో పిల్లలందరూ పొద్దున్నే మా వాకిట్లో వరస కట్టేవాళ్ళు. అవ్వ వేలి కొసతో తీసి నాలుక మీద రాసేది. చేదుగా, జిగటగా, కాలవ గట్టు నాకినట్టు ఉండేది. ఆ తర్వాత బెల్లం ముక్క. బెల్లం కోసం రెండుసార్లు వరసలో నిలబడే దొంగలు ఉండేవాళ్ళు. ఒకసారి మేం మా పిల్లికి కూడా నాకించి, అది ఏదైనా వాక్యం చెబుతుందేమోనని సాయంత్రం దాకా దాని ముందు కూర్చున్నాం. అది మీసాలు తుడుచుకుని పాలెం వైపు చేపలకు వెళ్ళిపోయింది.

ఆకు పేరు విని పట్నం నుంచి వచ్చిన ఒక బోధకుడు ముఖం చిట్లించాడట. మా పాస్టరు గారిని ఊరంతా అయ్యగారు అనేవాళ్ళం. ఆయన, ఆకును చేసింది దేవుడు, పేరు పెట్టింది మనుషులు అని నవ్వేసి, పోతూ పోతూ తన పిల్లలకు ఒక గిన్నెడు పట్టుకెళ్ళారట. ఇది మా నాన్న ఎప్పుడూ చెప్పే కథ.

అవ్వ దగ్గర గడియారం లెక్క లేదు. ఆమె అత్తగారి కాలం నుంచి ఆ ఇంట్లో వంటకు పాటలే కొలత. గుడ్డు ఉడకడానికి ఒక చిన్న పాట. రాగిసంగటి దించడానికి ఆదివారం పాడే పాట ఒకటి, చరణాలన్నీ. నెయ్యికి మాత్రం పొడుగు కీర్తన. మా సంఘంలో పొడుగు కీర్తన అంటే ఒకటే, బైబిల్లో అన్నిటికంటే పెద్దది. అది ఇరవై రెండు ముక్కలుగా ఉంటుంది. ఒక్కో ముక్క పైన ఆలెఫ్, బేత్, గీమెల్ అంటూ మాకెవరికీ తెలియని భాషలోని అక్షరం పేరు. ఆ పేర్లు కూడా కలిపే కంఠత పట్టేవాళ్ళం. నెయ్యి కాగినంతసేపూ పిల్లలం వంతులవారీగా, ఒక్కో వంతుకు ఒకసారి మొత్తం, ఆ కీర్తన చెప్పాలి. నాన్న ఒకసారి గోడ గడియారం కొనుక్కొచ్చి, దీన్ని చూసి దించమ్మా అన్నాడు. "దానికేం తెలుసురా నెయ్యి సంగతి? కాగినా తిరగతాది, మాడినా తిరగతాది" అంది అవ్వ.

అయితే నాకు ఊహ తెలిసేసరికే అవ్వకు చెవులు పోయాయి. ఏదో జ్వరం వచ్చి పోయాయంటారు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకునేది. నెయ్యి ముందు కూర్చున్నప్పుడు పెదాలు చూస్తూ ఉంటే కుదరదు గదా, అందుకని చింతగింజలు పెట్టింది. కీర్తనలో ఒక ముక్క అయినప్పుడల్లా ఒక గింజ ఈ పళ్ళెంలోంచి ఆ పళ్ళెంలోకి వెయ్యాలి. గింజలు జరిగే తీరు చూసి అవ్వ మంట ఎగదోసేది, లాగేది. చివరికి చట్టిలో నురుగు అణిగాక, అడుగున మిగిలిన ముద్దను రవ్వంత తీసి, వేళ్ళ మధ్య వత్తిలా నలిపి, మంట మీద పెట్టేది. చిటపటమంటే నెయ్యిలో ఇంకా నీరుందని. చప్పుడు లేకుండా వెలిగితే అయిపోయిందని. ఆ చప్పుడు వినే పని పిల్లలది. "చప్పుడైందా?" అని అడిగేది. మేం చెప్పిందే ఆమెకు వినికిడి.

నన్ను స్టేజీ నుంచి దించేసిన మరుసటి ఏడాది, మొదటి చట్టి పెట్టిన రోజున పాలెంలో పెద్దవల లాగుతున్నారు. ఒడ్డు మీద తాళ్ళు పట్టుకుని మనుషులు పాడే పాట మా ఇంటి దాకా వస్తోంది. పిల్లలందరికీ కాళ్ళు నిలవడం లేదు. వల ఒడ్డుకు చేరే వేళకు అక్కడుంటే చేతినిండా నెత్తళ్ళ చేపలు పెడతారు. ఆఖరి వంతు అక్కది. అన్నిటికంటే ముఖ్యమైన వంతు ఎప్పుడూ అక్కకే ఇచ్చేది అవ్వ. నేను పుల్లలు అందిస్తున్నాను.

అక్క మొదలుపెట్టింది. ఆమె వేగం మాకు అలవాటే, కాని ఆ రోజు వేగం వేరు. యోద్ అంది, కఫ్ అంది, ఆ తర్వాత నూన్ అంది. నేను పుల్ల పట్టుకుని అలాగే ఉండిపోయాను. కఫ్‌కూ నూన్‌కూ మధ్య లామెద్ ఉంటుంది, మేమ్ ఉంటుంది. నాకు ఎవరూ నేర్పలేదు. ఎన్నో ఏళ్ళుగా పొయ్యి దగ్గర కూర్చుని వింటూ ఉంటే అవి నాలో ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి, దారి పక్కన రాళ్ళలాగా. ఏ రాయి తర్వాత ఏ రాయో నాకు తెలుసు. అక్క చేతిలోంచి గింజలు మాత్రం టపటపా పడుతూనే ఉన్నాయి. మింగేసిన ముక్కలకూ గింజలు పడ్డాయి.

అవ్వ వత్తి నలిపి మంట మీద పెట్టింది. సన్నగా, రెండుసార్లు, చిట్ చిట్ మంది.

"చప్పుడైందా?" అవ్వ అక్క వైపు చూసింది.

"లేదవ్వా."

"అయిందవ్వా, చిటపటమనింది" అన్నాను నేను. అవ్వ నా వైపు తిరిగేలోపలే అక్క ఆమె గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "అది పొయ్యిలో పుల్ల అవ్వా. దీనికి చెవులు గూడా మబ్బే." అందరూ నవ్వారు. చట్టి దిగింది. అక్కా, మిగతా పిల్లలూ ఇసుకలో పడి పరిగెత్తారు.

నెయ్యి సీసాల్లోకి వెళ్ళింది, సీసాలు ఊళ్ళోకి వెళ్ళాయి. కొన్నాళ్ళకు ఒక్కొక్కటే వెనక్కి రావడం మొదలైంది. మొదట వచ్చింది పాలెం నుంచి చేపలు తెచ్చే ఆమె. గంప దించి, కొంగు చాటు నుంచి సీసా తీసింది. "అవ్వా, కోపం చేసుకోబాక. మావోడికి పెడదామని మూత తీసేకాడికే బూజు కొట్టింది. నీ చేతి నెయ్యి ఇట్టా ఎప్పుడూ లేదు" అని ఒక్కో మాటా పెదాలతో కొలిచినట్టు చెప్పింది. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. కొందరు సీసా తేలేదు, అరుగుల మీద మాట్లాడుకున్నారు. ముసలామెకు చెవులు పోయినాయి, ఇప్పుడు మతి గూడా పోయింది అని.

అవ్వ ఆ సీసాలన్నీ గోడ వారన పెట్టి వాటి ఎదురుగా కూర్చుంది. నెయ్యి వేలితో తీసుకుంది, నలిపింది, వాసన చూసింది. నీరుందని ఆమెకు తెలిసిపోయింది. ఎలా ఉండిపోయిందో తెలియలేదు. గింజలన్నీ జరిగాయి, పిల్లలు చప్పుడు లేదన్నారు. ఇక మిగిలింది తన తప్పే. "చెవులు పోతే సరే అనుకున్యా. ఇప్పుడు బుర్ర గూడా పోయినట్టుండాది" అంది మా అమ్మతో.

ఆ తర్వాత ఆమె మారిపోయింది. చేపల పులుసులో ఉప్పేశానా అని అమ్మను మూడుసార్లు అడిగేది. మామిడికాయ ముక్క చేతిలో పట్టుకుని, వెయ్యాలో అప్పటికే వేసిందో తేల్చుకోలేక అలాగే నిలబడేది. పక్కింటికి పోయే దారిలో ఆగి వెనక్కి తిరిగి వచ్చేది. ఊరంతటికీ మతి ఇచ్చే మనిషి తన మతిని తానే నమ్మడం మానేసింది. ఎండ బాగా కాస్తోంది, గట్టు మీద ఆకు ఎండిపోవడానికి ఎన్నాళ్ళో పట్టదు. కోతల పండగ కూడా దగ్గర పడుతోంది. ఆ పండగకు చర్చిలో ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి కానుక పెడతారు, వాటిని వేలం పాడతారు. ప్రతి ఏడాదీ అవ్వ కానుక ఒక సీసా నెయ్యి. ఈసారి ఏం పెట్టను అని అమ్మను అడిగి, సమాధానం కోసం ఆగకుండానే, గుమ్మడికాయ పెడదాంలే అంది.

నేను అప్పుడు లేచి వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాను. అక్క కూడా అక్కడే ఉంది, జడకుచ్చులు వేలికి చుట్టుకుంటూ. అవ్వ నా పెదాల వైపు చూసేదాకా ఆగాను.

"నీ బుర్ర పోలేదవ్వా. ఆ పొద్దు వత్తి చిటపటమనింది. నేను చెప్పినా. కీర్తనలో లామెద్ రాలేదు. మేమ్ గూడా రాలేదు."

"ఇంకోపాలి చెప్పు" అంది అవ్వ. "నిదానంగా."

నన్ను నిదానంగా చెప్పమన్న మొదటి మనిషి ఆమె. మళ్ళీ చెప్పాను. అవ్వ అక్క వైపు చూసింది. అక్క ముఖం ఎర్రబడి ఉంది. అవ్వ ఆమెను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నా వైపు తిరిగి, "అయితే నీకు మొత్తం వచ్చా?" అంది.

తల ఊపాను.

"రేపు పొద్దున ఆకు కోసుకురా. ఈ చట్టికి నువ్వే చెప్తావు. ఒక్కదానివే."

అమ్మ వద్దంది. ఈ పిల్ల సగంలో ఆగిపోతే ఈ చట్టి కూడా పాడవుతుంది, ఇంకోసారి పెట్టడానికి ఆకు దొరకదు, నెయ్యి దొరకదు అంది. అవ్వ అమ్మ పెదాల వైపు చూడలేదు. చూడకపోతే వినపడదు గదా. అది ఆమెకున్న సుఖం.

మర్నాడు పొయ్యి వెలిగింది. నేను పీట మీద, నా ముందు రెండు పళ్ళేలు. అక్క ఎవరూ పిలవకుండానే వచ్చి పుల్లలు అందించే చోట కూర్చుంది, నా పాత చోటులో. నేను ఆలెఫ్ అన్నాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది. ఒక్కో మాటా దాని చోటు నుంచి తీసి, చూసి, బయట పెడుతున్నట్టు చెప్పాను. గింజ వేశాను. బేత్. గింజ. చట్టిలో రసం గుసగుసలాడుతోంది, పచ్చటి నురుగు లేస్తోంది, అవ్వ చెక్క గరిటెతో అడుగు కదుపుతోంది. మొదటిసారి కీర్తన పూర్తయ్యేసరికి ఎండ గుమ్మం దాటి వాకిట్లోకి పోయింది. మళ్ళీ ఆలెఫ్. గొంతు ఎండిపోతే అక్క మజ్జిగ ఇచ్చింది.

ఆఖరి వంతులో, కఫ్ మధ్యలో ఆగిపోయాను. స్టేజీ మీద ఆగినట్టే. మాట వస్తోంది, దారిలో ఉంది, ఇంకా చేరలేదు. అక్కకు ఆ మాట తెలుసు. ఆమె పెదాలు కదిలాయి. అవ్వ అది చూసి, గరిటె ఉన్న చెయ్యి పైకెత్తి అక్కను ఆపింది. రెండో చేత్తో పొయ్యిలోంచి పుల్లలు రెండు బయటికి లాగింది. మంట తగ్గింది. నెయ్యి తిరగడం నెమ్మదించింది. చట్టి, పొయ్యి, అవ్వ, అందరూ నా మాట కోసం ఆగారు. నాకు ఎవరూ ఎప్పుడూ అంత సమయం ఇవ్వలేదు. మాట వచ్చింది. చెప్పాను. అవ్వ పుల్లలు లోపలికి తోసింది.

లామెద్, మేమ్, నూన్. ఒక్కటీ పోలేదు. చివరి ముక్క అయి గింజ పడేసరికి నురుగు అణిగి, నెయ్యి తేటగా, అడుగు కనిపించేలా నిలబడింది. అవ్వ ముద్ద తీసి వత్తి నలిపి మంట మీద పెట్టింది. ఈసారి నా వైపే చూసింది. నేను విన్నాను. తోపుల్లో గాలి వినిపించింది, దూరంగా సముద్రం వినిపించింది. వత్తి వెలుగుతోంది, దాని నుంచి ఏమీ రాలేదు.

"రాలేదవ్వా."

అవ్వ అక్క వైపు తిరిగింది. "నువ్వు చెప్పు."

"రాలేదవ్వా" అంది అక్క, తలెత్తి.

కోతల పండగ రోజున చర్చి ఆవరణ నిండిపోయింది. వడ్ల బస్తాలు, అరటి గెలలు, కాళ్ళు కట్టిన కోడిపుంజులు, తట్టల్లో ఎండు రొయ్యలు. ఒక పక్క వంట పొగ. వేలం పాడించే సంఘ పెద్ద మంచి మాటకారి. గుమ్మడికాయను కూడా పెళ్ళికూతుర్ని పొగిడినట్టు పొగిడి అమ్మేవాడు. అవ్వ సీసా ఆయన చేతికి వచ్చింది. "ఇదిగో మన అవ్వ నెయ్యి. రాని చదువు రప్పించే నెయ్యి. ఎవురు పాడతారు?"

ఎవరూ పాడలేదు. వెనక నుంచి ఎవరో, "బూజు గూడా లెక్కేనా అన్నా?" అన్నారు. ఆవరణంతా నవ్వింది. అవ్వకు మాట వినపడలేదు, నవ్వు కనపడింది. ఆమె వెళ్ళిపోతుందేమో అనుకున్నాను.

అవ్వ లేచింది. నా మణికట్టు పట్టుకుని నన్ను కూడా లేపింది. జనం మధ్య నుంచి నడిచి వెళ్ళి, సంఘ పెద్ద చేతిలోంచి సీసా తీసుకుని, వంటవాళ్ళను ఒక ప్రమిద అడిగింది. నెయ్యి కొంచెం ప్రమిదలో పోసి, పత్తి వత్తి ముంచి, వెలిగించడానికి పుల్ల పట్టుకుని, జనం వైపు తిరిగింది. చెవులు వినపడని వాళ్ళు మాట్లాడినట్టే, అవసరం కంటే గట్టిగా మాట్లాడింది.

"నవ్వినోళ్ళు నవ్వండి. ఒక్క నిమిషం నోరు మూసుకోని వినండి. నాకు వినపడదు, మీకు వినపడతాది గదా."

వత్తి వెలిగింది. అంతమంది మనుషులు ఒక్కసారిగా మాట్లాడటం మానేశారు. చేపలు తెచ్చే పాలెం ఆమె తన చంటిబిడ్డను గుండెకు అదుముకుంది. గరిటె పట్టుకున్న వంటమనిషి గరిటె పైకెత్తి అలాగే నిలబడింది. అయ్యగారు ముందుకు వంగి తల పక్కకు వంచారు. కోడిపుంజు ఒకటి రెక్కలు కొట్టుకుంటే దాన్ని కూడా ఎవరో పట్టుకున్నారు. అంతమంది కలిసి ఒక చప్పుడు కోసం వెతికారు. మంట నిటారుగా నిలబడింది. చప్పుడు రాలేదు.

అవ్వ వత్తిని చూడలేదు. మనుషుల ముఖాల్ని చూస్తోంది. ఒక్కో ముఖం మీదికి ఆ నిశ్శబ్దం ఎలా వచ్చి చేరుతోందో చూస్తోంది. నా మణికట్టు మీద ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి.

"ఆ సీసా నాది" అంది పాలెం ఆమె, ముందుగా. "పాటా గీటా ఏం లేదు. ఒక గంప ఎండు నెత్తళ్ళు ఇస్తా." అంతా మళ్ళీ నవ్వారు, ఈసారి వేరే నవ్వు. అయ్యగారు చెయ్యెత్తి, "ఆగమ్మా, నేను గూడా పాడాల గదా, మా పిల్లలకు పరీక్షలుండాయి" అన్నారు. ఆ తర్వాత సంఘ పెద్దకు ఒక్కడికీ మాట్లాడే అవకాశం రాలేదు, జనమే పాడుకున్నారు. ఆ పండగలో అన్నిటికంటే పై పాట ఆ సీసాకే పోయింది. అవ్వ నా చెయ్యి వదలకుండా నిలబడి, ఎవరి పెదాలు కదిలినా అటు తిరిగి తల ఊపుతూ, పెళ్ళి చేసిన తల్లిలా ఉంది. ఇంటికొచ్చి చేపల పులుసులో ఉప్పు ఎవరినీ అడక్కుండా వేసింది. సరిగ్గా సరిపోయింది.

తర్వాతి ఆదివారం అయ్యగారు నన్ను నిలబెట్టి పొడుగు కీర్తన చెప్పించారు. ముందు వరసలో ఇద్దరు నిద్రపోయారు. మధ్యలో నేను ఆగినప్పుడు ఎవరూ అందించలేదు, నవ్వలేదు. చివరి దాకా చెప్పి దిగాను. ఆ రోజు నుంచి నన్ను మబ్బు అని పిలిచినవాళ్ళు లేరు.

ఆ పొయ్యి ఇప్పుడు లేదు. అవ్వ లేదు. తోపులు చాలావరకు కొట్టేసి రొయ్యల గుంటలు వేశారు. నేను డిగ్రీలో మైక్రోబయాలజీ చదివాను. నీరున్న చోట బూజు ఎందుకు పడుతుందో లెక్చరర్ చెబుతుంటే నాకు గోడ వారన ఉన్న సీసాలు కనిపించాయి. ఆ నెయ్యి నిజంగా జ్ఞాపకం పెంచుతుందా అని అడిగితే నేను చెప్పలేను. కీర్తన మాత్రం ఇప్పటికీ ఒక్క ముక్క పోకుండా వస్తుంది.

మా వాణ్ణి డాక్టరమ్మకు చూపించాను. ఆమె వాడితో చాలాసేపు మాట్లాడి, చెవులు, కళ్ళు చూసి, ఏమీ లేదమ్మా, కొందరు పిల్లలు నిదానం అంది. నెయ్యి సంగతి అడిగితే, అన్నంలో వేసి పెట్టుకోండి, అది మందని మాత్రం అనుకోవద్దు, వస చిన్నపిల్లలకు పెట్టొద్దు అంది. మా అక్కకు ఫోన్ చేశాను. ఇప్పుడు ఆమె కావలిలో లెక్చరర్. ఇప్పుడూ ఊపిరి తీసుకోకుండానే మాట్లాడుతుంది. "అవును మే, రెండు ముక్కలూ మింగేసినా. వల లాగతా ఉంటే ఎవురు కూర్చుంటారు?" అని నవ్వి, నవ్వు ఆపి, "నీ కొడుక్కేం కాలేదు. వాణ్ణి చెప్పనీ. నువ్వు గమ్మునుండు" అంది.

అమ్మ బస్సులో ఆకు పంపింది. ఈ మధ్యాహ్నం గ్యాస్ పొయ్యి మీద చిన్న గిన్నె పెట్టాను. వస వెయ్యలేదు. మా వాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి రెండు పళ్ళేలు, చింతగింజలు ఇచ్చాను. నీకు ఇష్టమైంది ఏదైనా చెప్పు అన్నాను. వాడు కాసేపు ఆలోచించి బస్సు కండక్టరు అయ్యాడు. నెల్లూరు నుంచి అమ్మమ్మ వాళ్ళ ఊరికి పోయే బస్సు ఆగే ఊళ్ళ పేర్లు మొదలుపెట్టాడు. నెల్లూరు. గింజ. కోవూరు. గింజ. ఆ తర్వాత ఆగాడు. నాకు తెలిసిన భయం లేచింది. తర్వాతి ఊరి పేరు నా నాలుక చివరికి వచ్చేసింది.

అందించలేదు. చెయ్యి చాచి స్టవ్ మంట తగ్గించాను.

"మర్చిపోయావా నాన్నా?" అని మాత్రం అడిగాను, ఉండబట్టలేక.

వాడు నా వైపు చిరాగ్గా చూశాడు. "లేదమ్మా. అందరూ దిగాలి కదా."

కోవూరులో దిగాల్సినవాళ్ళందరూ దిగారు. బస్సు కదిలింది. బోగోలు దాకా ఒక్క ఊరు కూడా పోలేదు, నాకు గుర్తులేని రెండు స్టాపులు కూడా వచ్చాయి. అలా పోతూ వస్తూ ఎన్నిసార్లు తిరిగాడో, గిన్నెలో నురుగు అణిగింది. ముద్ద తీసి వత్తి నలిపి కొవ్వొత్తి మంట మీద పెట్టాను. ఫ్యాను ఆపాను. ఏమైనా వినిపిస్తుందేమో చెప్పు అన్నాను.

వాడు తల పక్కకు వంచి విన్నాడు. ఇంకా విన్నాడు. వత్తి మొత్తం కాలిపోయేదాకా విని, అప్పుడు చెప్పాడు, ఒక్కో మాటా తీసి బయట పెడుతున్నట్టు.

"ఏం చప్పుడూ రాలేదమ్మా."